రెండిళ్ల ఇరుసు

ఈ సంగతి జరిగిన ఏడాదే రాసి పెట్టాల్సింది. రాయలేదు, ఎందుకంటే అప్పటికి నాకు అక్షరాలు రావు. నా చిన్నప్పుడు నాచారంలో మాకు పొలం ఉండేది, బర్రెలు ఉండేవి, నా తర్వాత పుట్టిన పిల్లలు ఉండేవారు. బర్రెలను తోలుకుపోవడానికి ఒకరు కావాలి, పిల్లలను ఎత్తుకోవడానికి ఒకరు కావాలి. ఆ ఇద్దరూ నేనే. పొలాల్లో ఫ్యాక్టరీలు లేచాక బర్రెలు పోయాయి, పిల్లలు పెద్దయ్యారు, నాకు పెళ్ళి చేశారు. నన్ను బడికి పంపలేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు. యాభై దాటాక మా వీధి కమ్యూనిటీ హాల్లో ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు చదువు చెప్తానంటే పోయి కూర్చున్నాను. ఇంట్లో అన్నం తిని పడుకునే వేళ అది. మొదటి నెల నిద్ర ఆపుకోవడం నేర్చుకున్నాను, తర్వాత అక్షరాలు.

ఈలోగా ఈ కథ నోటి మీద తిరిగి తిరిగి నలిగిపోయింది. మా ఆయన చెప్తే తప్పంతా తనదే. మా వదినె, అంటే ఆయన అక్క, చెప్తే అసలు తప్పే జరగలేదు, అంతా దేవుడు చేయించాడు. చుట్టాలు చెప్తే కారు మూసీ దాకా పోయింది. అది షెడ్డు ముందున్న గోడ దాకా పోయింది, అంతే. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

మా ఆయన కార్ల మెకానిక్. మల్లాపూర్‌లో, చిన్న ఫ్యాక్టరీల సందులో మాకు ఒక రేకుల షెడ్డు ఉంది. కొత్త బండ్లు మా దగ్గరికి రావు. కంపెనీ వాళ్ళు విడిభాగాలు చేయడం మానేసిన కార్లు వస్తాయి. వేరే వాళ్ళు చూసి తల అడ్డంగా ఊపినవి వస్తాయి. మా ఆయనకు అవే ఇష్టం. అలాంటి మనిషికి ఒక పొద్దున పక్షవాతం తగిలి ఎడమ పక్క పడిపోయింది. దవాఖానాలో ఉన్నాడు, ఇంటికొచ్చాడు, కాలు తిరిగి వచ్చింది, మాట వచ్చింది. చెయ్యి మాత్రం సగమే వచ్చింది. గ్లాసు పట్టుకుంటుంది, పానా పట్టుకుంటే జారిపోతుంది. రోజూ రబ్బరు బంతి పిసకమన్నారు. టీవీ చూస్తూ పిసికేవాడు, ఆ బంతి మీద ఏదో పగ ఉన్నట్టు. షెడ్డు మాత్రం తెరవలేదు.

అప్పుడు మల్కాజిగిరి నుంచి ఒక సారు వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఆయనకు ఒక పాత అంబాసిడర్ ఉంది. ఇంజను బాగుంది, బాడీ బాగు చేయించుకున్నాడు, వెనుక ఇరుసు మాత్రం చెడిపోయింది.

"అందరూ వ్యాను ఇరుసు కోసి వేస్తామంటున్నారండి," అన్నాడు. "నాకు అతుకు బండి వద్దు. పాతదానికి పాతదే వేయాలి. మీరైతే వేస్తారని చెప్పారు."

మా ఆయన తన ఎడమ చెయ్యి చూపించాడు. సారు ఆ చేతిని చూసి, నన్ను చూసి, మళ్ళీ ఆయన్ను చూశాడు. "తొందరేం లేదు ఉస్తాద్," అన్నాడు.

సారు పోయాక మా ఆయన చాలాసేపు బంతి పిసికాడు. తర్వాత నాతో అన్నాడు: "ఈ ఒక్కటి చేస్త. ఇది మంచిగ నడిస్తే షెడ్డు ఉంటది. నడవకపోతే పానాలన్ని ఉప్పల్ ఆయనకిచ్చేసి ఇంట్ల కూసుంట. అప్పుడు నన్నేమనద్దు."

"ఏమనను."

"అంటవు."

"అంటే అప్పుడు సూద్దం తియ్యి."

ఉప్పల్ ఆయన అంటే అక్కడ గ్యారేజీ ఉన్న మనిషి. మా ఆయన పడిపోయినప్పటి నుంచి మంచి మాటలతోనే మా పానాల పెట్టె మీద కన్నేశాడు. ఆ పెట్టె పోతే మా ఆయన ఇంట్లో ఎలా ఉంటాడో నాకు తెలుసు. అప్పటికి కొన్ని నెలలుగా చూస్తున్నాను.

అలా షెడ్డు తాళం తీశాము. ఆయన స్టూలు మీద, నేను నేల మీద. ఆయన కుడి చెయ్యి ఆయనదే, ఎడమ చెయ్యి నాది. మొదటి రోజే నాకు అర్థమైంది, ఇన్నేళ్ళుగా ఆ షెడ్డుకు అన్నం డబ్బా తీసుకొచ్చాను గానీ లోపల ఏం జరుగుతుందో ఎప్పుడూ చూడలేదని.

ఇరుసు అంటే నాకు మా నాయన ఎడ్లబండి ఇరుసే తెలుసు. కారుది వేరే. వెనుక చక్రాలు రెంటి మధ్య అడ్డంగా ఒక ఇనుప గొట్టం ఉంటుంది, దాన్ని హౌసింగ్ అంటారు. అది మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులో పళ్ళ చక్రాల గడ్డ ఒకటి కూర్చుంటుంది. దానికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది, మా ఆయన మాత్రం కడుపు అంటాడు. కడుపు నుంచి అటొకటి ఇటొకటి రెండు కడ్డీలు గొట్టంలోంచి చక్రాల దాకా పోతాయి, అవి షాఫ్టులు. ఇంజను కడుపును తిప్పుతుంది, కడుపు షాఫ్టులను తిప్పుతుంది, షాఫ్టులు చక్రాలను తిప్పుతాయి. ఇంతే. ఇది అర్థమయ్యాక నాకు రోడ్డు మీద పోయే ప్రతి కారు వెనుక వంగి చూడటం అలవాటైంది. మా వదినె సిగ్గుపడేది.

సారు బండి హౌసింగ్ పగిలిపోయింది, కడుపులో పళ్ళు ఊడిపోయాయి, షాఫ్టులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. మొత్తం ఇరుసు ఒకేచోట దొరకలేదు. హౌసింగ్ లాలాపేట్‌లో ఒక పాత సామాను కొట్టులో దొరికింది. కడుపు ఉప్పల్‌లో దొరికింది, అది వేరే కాలపు బండిది. మూడూ ఒక చోట పరిచి చూస్తే ఒకదానికొకటి ఎన్నడూ ముఖం చూసుకోని చుట్టాల్లా ఉన్నాయి.

మధ్యాహ్నాలు మా వదినె అన్నం తెచ్చేది. ఆమె ఇల్లు మా పక్క సందే. మొగుడు పోయాక తమ్ముడి బాగోగులు చూడటం తన ఉద్యోగం అనుకుంది. డబ్బా విప్పుతూ ఆ ఇనుమును చూసింది.

"ఏంది తమ్మీ గిదంత?"

"సంబంధం కలుపుతున్నమక్కా. పిల్ల లాలాపేట్, పిల్లగాడు ఉప్పల్."

"జాతకాలు సూసిన్రా?"

"సూసినం. కలుస్తలేవు."

నిజంగానే కలవలేదు. షాఫ్టు చివరి పళ్ళు సన్నవి, కడుపులో అవి దూరాల్సిన గాడులు లావువి. మా ఆయన రెండు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. చేత్తో కాకుండా కళ్ళతో పనిచేసే రోజులు అవి. మూడో రోజు, పాత విరిగిన కడుపును విప్పమన్నాడు. అందులో షాఫ్టులను పట్టుకునే చిన్న చక్రాలు రెండు బాగానే ఉన్నాయి. వాటిని తీసి కొత్త కడుపులో పెడితే కూర్చున్నాయి. షాఫ్టు వాటిలోకి నెయ్యి రాసినట్టు జారింది. మా ఆయన ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత ఇంకో తంటా. షాఫ్టు పొడవు ఎక్కువైంది. ఎంత ఎక్కువ అంటే బియ్యపు గింజంత. చివర చక్రం బిగించే పళ్ళెం హౌసింగ్‌కు ఆనకుండా ఆ సందు మిగిలింది. మధ్యలో మందంగా ఏదైనా పెట్టాలి, లేకపోతే నూనె కారుతుంది. బజారులో దొరికే షీటు పలచన. చేతికందిన అట్టలన్నీ చూసి చివరికి మా ఆయన మా వదినె చేతి సంచిలోంచి ఒక పెళ్ళి పత్రిక లాగాడు. దళసరి అట్ట, గట్టిది.

"అయ్యో, దాంట్ల ముహూర్తం ఉన్నది తమ్మీ."

"ముహూర్తం పెండ్లిలకే, అట్ట మాకు."

పత్రికను పళ్ళెం మీద పరిచి, అంచుల వెంట చిన్న సుత్తితో కొడుతూ పోతే అచ్చం ఆ ఆకారంలో తెగింది. ఆ పని నాది. బాగా కుదిరింది. గ్రీజు పట్టించి రెండు పక్కలా పెట్టాము. బోల్టుల కోసం కొట్టిన చిల్లుల్లో పెళ్ళికొడుకు పేరు సగం పోయింది. మా వదినె దాన్ని చూసి, "పత్రిక పెట్టి మరీ కలిపిన్రు, ఇగ ఇడిపోవుడు లేదు," అని ఆశీర్వదించింది.

ఇప్పుడు అసలు సంగతి. దానికి కథలో కొంచెం వెనక్కి పోవాలి. కడుపును హౌసింగ్‌కు చుట్టూ బోల్టులు వేసి బిగిస్తారు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి తలకిందులుగా పెట్టినా బోల్టులు పడతాయి. అందుకని మొదటిసారి ఊరికే పెట్టి సరిచూసినప్పుడు మా ఆయన పైవైపు గుర్తు పెట్టమన్నాడు. ఆయనైతే చాక్‌పీసుతో రాసేవాడు. నాకు చదవడం రాదు, తీసేదీ పెట్టేదీ నేను. అందుకని ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు తడిపి కడుపు పైన ఒక గీత, హౌసింగ్ పైన ఒక గీత పెట్టాను. పసుపుకు ఎదురుగా పసుపు వస్తే సరి. తర్వాత చిన్న చక్రాలు మార్చడానికి కడుపును బయటికి తీశాము. అంతలో దసరా వచ్చింది.

దసరాకు పనిముట్లకు పూజ చేయాలి. మా ఆయన పడిపోయాక అదే మొదటి దసరా. మా వదినె పొద్దున్నే మాకంటే ముందు షెడ్డుకు వచ్చింది. తమ్ముడి షెడ్డు మళ్ళీ తెరుచుకుందన్న సంతోషం ఆమెది. కిరసనాయిలు గుడ్డతో ప్రతి ఇనుప ముక్కనూ తుడిచింది. తుడిచి, ప్రతిదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. సుత్తికి పెట్టింది, జాకీకి పెట్టింది, హౌసింగ్‌కు పెట్టింది, కడుపుకు పైనొకటి కిందొకటి పెట్టింది. మేము వచ్చేసరికి షెడ్డు అంతా పెళ్ళివారిల్లులా ఉంది. మా ఆయన కొబ్బరికాయ కొట్టాడు, ఒక చేత్తోనే, ఒకే దెబ్బకు. అందరం సంతోషంగా ఉన్నాము.

పండగ తర్వాత కడుపును బిగించాము. హౌసింగ్ నేల మీద వెల్లకిలా పడి ఉంది, అప్పుడు పైన ఏదో కింద ఏదో తెలియదు. మా ఆయన స్టూలు మీద నుంచి అడిగాడు, "పసుపుకు పసుపు వచ్చిందా?" వచ్చింది అన్నాను. వచ్చింది మరి. ఎటు తిప్పినా వస్తుంది.

బండి కింద ఇరుసు ఎక్కించాక ఆయన ఒకసారి వంగి చూసి, "ఇంజను నుంచి వచ్చే షాఫ్టు జర ఎత్తు మీద కూసున్నట్టున్నదే," అన్నాడు. మళ్ళీ తనే, "రెండిండ్ల సామాను కద, గట్లనే ఉంటది," అనుకున్నాడు. అప్పటికి మాకు ఏదీ సరిగ్గా కుదరకపోవడం అలవాటైపోయింది. జాకీల మీద ఎత్తి ఇంజను నడిపాము. చక్రాలు తిరిగాయి. చప్పుడు లేదు, నూనె కారలేదు. ఆయన చెవి పెట్టి విన్నాడు, నేను అట్టల దగ్గర వేలు పెట్టి చూశాను. చక్రాలు ఎటు తిరుగుతున్నాయని ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు.

సారుకు కబురు పెట్టాము. ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్యాహ్నం వచ్చాడు. సందులో ఉన్న ఫ్యాక్టరీల వాళ్ళు టీ గ్లాసులతో బయటికి వచ్చి నిలబడ్డారు. మా వదినె నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఈ బండిలో గేరు ఎడమ చేత్తో వేయాలి కాబట్టి సారే స్టీరింగు పట్టాడు. మా ఆయన పక్కన కూర్చున్నాడు. పక్షవాతం తర్వాత ఆయన అంత నిటారుగా కూర్చోవడం నేను అదే చూడటం.

సారు ఫస్టు గేరు వేసి క్లచ్ వదిలాడు. బండి వెనక్కి పోయింది.

మెల్లగా, ఏ చప్పుడూ లేకుండా, ఎంతో హుందాగా వెనక్కి పోయి, షెడ్డు ముందున్న గోడకు ఆని ఆగింది.

"నేను ఫస్టే వేశానండీ," అన్నాడు సారు కిటికీలోంచి.

"సెకండు ఏసి సూడున్రి," అన్నారు టీ తాగుతున్న వాళ్ళలో ఎవరో. "జల్ది పోతది ఎనక్కి."

మా వదినె నేల వైపు చూస్తోంది. "నిమ్మకాయలు ఏడియాడ్నే ఉన్నయి తమ్మీ," అంది.

మా ఆయన నెమ్మదిగా అన్నాడు, "సార్, రివర్స్ ఏయున్రి." సారు రివర్స్ వేశాడు. బండి బుద్ధిగా ముందుకు వచ్చి నాలుగు నిమ్మకాయలనూ తొక్కింది.

"ఆ, ఇప్పుడు మంచిగైంది," అంది మా వదినె.

సందు సందంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు, చెడ్డగా కాదు, కళ్ళు తుడుచుకుంటూ. "నాలుగు గేర్లు వెనక్కి, ఒకటి ముందుకి. ఇలాంటి బండి హైదరాబాదులో ఇంకెవరికీ ఉండదు ఉస్తాద్." నేనూ నవ్వాను. మా ఆయన దిగి, వంగి, కడుపు వంక ఒక్క చూపు చూసి, చేత్తో తడిమాడు. పైన పసుపు, కింద పసుపు. తలకిందులుగా ఉంది. కడుపు తలకిందులైతే చక్రాలు ఎదురు తిరుగుతాయి.

"అక్కా, నువ్వు దసరా నాడు గీ సామానుకు ఎన్ని బొట్లు పెట్టినవే?"

"అన్నిటికి పెట్టిన. ఎందుకు, ఏమన్న తక్కువైనదా?"

ఆయన పసుపంటిన చెయ్యి గుడ్డకు తుడుచుకున్నాడు. సారుకు మళ్ళీ కబురు చేస్తానని చెప్పి పంపాడు. షెడ్డు ఖాళీ అయ్యాక స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఇంకా నవ్వు ఆపుకోలేకుండా ఉన్నాను. అప్పుడు ఆయన ముఖం చూశాను.

"ఎత్తు మీద ఉన్నదని నాకు కనబడ్డది," అన్నాడు. "కనబడ్డా ఇడిచిపెట్టిన. చెయ్యి పోతే నువ్వున్నవు. కన్ను పోయినంక ఎవరుంటరు?"

"కన్నెక్కడ పోయింది? పసుపు ఎక్కువైంది, అంతే. తీసి తిప్పి పెడితె అయిపాయె."

"మళ్ళ మొత్తం ఇప్పాలె. చక్రాలు, షాఫ్టులు, అన్ని. నాతోటి కాదు." నా ముందే ఫోన్ తీసి ఉప్పల్ ఆయనతో మాట్లాడాడు. పొద్దున వచ్చి పానాలు తీసుకుపొమ్మన్నాడు.

మా వదినె గుమ్మంలో నిలబడి వింది. ఎప్పుడూ మాట ఆపని మనిషి అన్నం డబ్బా సర్దుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, వట్టి కాళ్ళతో సందు చివరి దాకా పోయింది. చెప్పులు పట్టుకుని నేనే వెనుక పరిగెత్తాల్సి వచ్చింది. "నేను చేసింది దేవుని పనే గద పిల్లా," అంది చెప్పులు తొడుక్కుంటూ. అవునన్నాను. నిజంగా అవును.

ఆ సాయంత్రం మా ఆయన గోనె సంచి ఒకటి వెతికి దులిపి తలుపు దగ్గర పెట్టాడు. పానాలు కట్టడానికి. నేను ఏమీ అనలేదు. అననని ముందే మాటిచ్చాను కదా.

తెల్లవారి ఆయన లేవకముందే తాళంచెవి తీసుకుని మల్లాపూర్ పోయాను. బండిని వెనుక నుంచి జాకీ మీద ఎత్తి, కింద ఇటుకలు పేర్చాను. చక్రాలు విప్పాను. తొట్టి పెట్టి కడుపు కింద మర విప్పితే నూనె సన్నగా, తేనెలా దిగింది. అది దిగుతుండగా పానాల పెట్టెను నేల మీద బోర్లించాను. అందులో నాకు కావాల్సినవి కొన్నే. అయినా అన్నీ బయటికి తీశాను, అన్నిటికీ కాస్త కాస్త నూనె అంటేటట్టు వాడాను. పత్రిక అట్టలు చిరగకుండా షాఫ్టులు లాగి పక్కన పడుకోబెట్టాను. ఎండ షెడ్డు లోపలికి వచ్చేసరికి కడుపు బోల్టుల దగ్గరికి వచ్చాను.

బయట మోటారు సైకిలు ఆగింది. బండి కింద నుంచి నాకు రెండు జతల కాళ్ళు కనిపించాయి, ఒక జత మా ఆయనది. ఉప్పల్ ఆయన మా ఇంటికి పోయి ఆయన్ను ఎక్కించుకుని వచ్చినట్టున్నాడు. నాలుగు కాళ్ళూ నేల మీద పరిచిన పానాల ముందు ఆగాయి.

"ఏందన్నా, సామానంత గిట్ల పడున్నది?" అన్నాడు ఉప్పల్ ఆయన. "ఎట్ల కట్టుకపోవాలె?"

మా ఆయన స్టూలు లాక్కున్న చప్పుడు వినిపించింది.

"జర ఆగన్నా," అన్నాడు. "పానాలు పని మీదున్నయి." తర్వాత గొంతు నా వైపు తిరిగింది. "ఏమే, ఆ మీది బోల్టు ముందుగాల తీయకు. గడ్డ నెత్తి మీద పడ్తది. కిందిది పట్టు."

పై బోల్టు మీద నుంచి పానా తీసి, కింది బోల్టుకు వేశాను.